అప్‌డేట్: అమ్మ అంత్యక్రియలకు ముందే డబ్బు కట్టే విషయం

తన అంత్యక్రియల ఖర్చు, వాటిని జరిపించే ఒక సంస్థకు ముందే కట్టేస్తానని అమ్మ పట్టుబడుతోంది, ఒప్పుకోవాలా అని కిందటి నెల అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మీరు చెప్పినట్టే ఆ సంస్థకు వెళ్లి, కట్టిన డబ్బు ఎక్కడ ఉంచుతారని అడిగాను. ట్రస్టులోనా, ఇన్సూరెన్స్‌లోనా, వాళ్ల సొంత ఖాతాలోనా? సూటిగా చెప్పలేదు. రేపు సంస్థ మూతపడితే, మేం ఊరు మారితే, మధ్యలో వద్దనుకుంటే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసివ్వమన్నాను. అదీ ఇవ్వలేదు. "అన్నీ కలిపి" అన్న ధరలో శ్మశానం ఫీజు లేదని రెండోసారి చదివినప్పుడు కనబడింది. అక్కడితో మానేశాం.

ఆ మొత్తాన్ని అమ్మా నేనూ జాయింట్ ఖాతాలో వేశాం, ఇద్దరిలో ఎవరు మిగిలితే వాళ్లు తీసుకునేలా. అమ్మ ఒక్కదాని పేరునే ఉంటే సరిగ్గా అవసరమైన రోజే డబ్బు ఆగిపోవచ్చు.

అన్నిటికంటే కష్టమైంది కోరికలు రాసుకోవడం. వీలునామాలో పెడదామనుకున్నాం కానీ, దాన్ని చాలాసార్లు అంత్యక్రియలయ్యాకే తెరుస్తారు. అందుకే విడిగా ఒక పేజీ: దహనమా ఖననమా, ఎవరికి కబురు చేయాలి, ఏం వద్దు. అమ్మ చెప్పింది, నేను రాశాను. నాకే చెయ్యి వణికింది, అమ్మ మాత్రం ప్రశాంతంగా ఉంది. ఒక కాపీ తమ్ముడికి ఇచ్చాం.