జపాను సైనిక ఖడ్గాలు: అలుగు మీది సంఖ్యా ఒర మీది సంఖ్యా వేరైతే?

తూర్పుగాలి (ప్రశ్న):
ఇంగ్లండులో నేనుండే ఊరి వేలంశాలకు రెండో ప్రపంచ యుద్ధకాలపు జపాను ఖడ్గాలు రెండు వచ్చాయి. మొదటిది సార్జెంట్ల కోసం 1935లో ప్రవేశపెట్టిన టైప్ 95. దాని అలుగు మీద ఒక సంఖ్య, ఒర మూతి దగ్గర మరొక సంఖ్య ఉన్నాయి. రెండవది 1938 నాటి టైప్ 98 అధికారి ఖడ్గం. దాని త్సుబా (పిడికీ అలుగుకీ మధ్య చేతిని కాపాడే బిళ్ల) మీదా, దానికి రెండు వైపులా ఉండే సెప్పా అనే పలుచని రేకులన్నిటి మీదా 47 అని కొట్టి ఉంది గాని, పిడి లోపలుండే తోక మీద రంగుతో రాసిన జపాను అంకెలు వేరుగా ఉన్నాయి. ఇవి నకిలీలా, లేక ముక్కలు జతచేసినవా? వచ్చే ఏడాది ఉద్యోగరీత్యా నేను టోక్యోకు మారవలసి ఉన్నదని కూడా గమనించగలరు.

పాతఇనుము (జవాబు):
తూర్పుగాలి గారూ, ఈ రెండు ఖడ్గాల మీది సంఖ్యలనూ ఒకే కొలమానంతో చూడకూడదు. టైప్ 95 ప్రభుత్వం సైనికుడికి ఇచ్చిన సామగ్రి కనుక, అలుగుకూ ఒరకూ ఒకే వరుస సంఖ్య వేసి ఆయుధశాల తనిఖీ ముద్ర కొట్టేవారు. 1945లో లొంగిపోయిన సేనల కత్తులను గుట్టలుగా పోసి, తరువాత మిత్రపక్ష సైనికులకు జ్ఞాపికలుగా పంచినప్పుడు, ఒరలు తారుమారు కావడం చాలా సహజంగా జరిగింది. అందువల్ల ఒర కలవకపోతే ధర తగ్గించి అడగవచ్చునే గాని, అది నకిలీ అని తేల్చకూడదు. నిజానికి సంఖ్యలు చక్కగా కలిసిన నకిలీలే ఎక్కువ మోసం చేస్తాయి, ఎందుకంటే అలుగు మీద అంకెలు కొట్టేవాడికి ఒర మీద కూడా అవే కొట్టడం కష్టమేమీ కాదు.

మీరు చూడవలసినవి వేరే ఉన్నాయి. అసలు కత్తి మీది అంకెలు చిన్నవిగా, అంచులు తేరి ఉంటాయి. నకిలీల మీద అవి చాలాసార్లు పెద్దవిగా, మొరటుగా కనిపిస్తాయి. త్సుబాను ఆనుకుని పిడికి ఉండే కట్టు మీద ఆయుధశాల ముద్రలున్నాయేమో చూడండి. పిడి తొలిరోజుల్లో రాగిది, తరువాత రంగు వేసిన అల్యూమినియంది, యుద్ధం చివర్లో చెక్కది. లోహపు పిడి మీద తాడు చుట్టినట్లుండే పోత అలికినట్లు మసకగా ఉంటే అనుమానించవలసిందే. ఒరలో కత్తిని పట్టి ఉంచే స్ప్రింగు కొక్కెం పనిచేస్తున్నదో లేదో కూడా అడగండి.

సానరాయి (జవాబు):
పై మాటతో ఏకీభవిస్తూ అధికారి ఖడ్గం గురించి చెబుతాను. అధికారులు తమ కత్తిని తామే కొనుక్కునేవారు కనుక దానికి ప్రభుత్వ వరుస సంఖ్య ఉండదు. మీరు చూసిన 47, చేతితో అరగదీసి ఒకదానికొకటి అమర్చిన భాగాలు పనివాడి బల్ల మీద చెదిరిపోకుండా వేసుకున్న గుర్తు మాత్రమే. త్సుబా, సెప్పాలు అన్నీ 47 అయితే ఆ జత చెదరలేదని అర్థం, అది మంచి లక్షణమే. తోక మీది రంగు అంకెలు కూడా అమరిక గుర్తులే గాని, అవి మరొక దశలో వేసినవి కావచ్చు. పాత కుటుంబ ఖడ్గానికి సైనిక పిడి తొడిగించుకున్న అధికారులు కూడా ఉన్నారు. ఒక సెప్పా మీద మాత్రమే వేరే సంఖ్య ఉండి, పిడి వదులుగా కదులుతూ ఉంటే అప్పుడు జతచేశారని అనుమానించండి. పిడిని తోకకు బిగించి ఉంచే వెదురు చీలను సన్నని కొన వైపు నుండి మెల్లగా తట్టి పిడి విప్పమని వేలంవారినే కోరండి. తోక మీది తుప్పును ఎవరూ తుడవకుండా చూడండి, వయసుకు అదే సాక్ష్యం.

దూరతీరం (జవాబు):
టోక్యో విషయం ఎవరూ ప్రస్తావించలేదు. జపానులో సంప్రదాయ పద్ధతిలో చేసిన, కళాఖండ విలువ ఉన్న ఖడ్గాలకే నమోదు పత్రం ఇస్తారు. యంత్రాలతో తయారైన టైప్ 95కు అది దొరకదు, కనుక వెంట తీసుకువెళితే స్వాధీనం చేసుకుంటారు. అధికారి ఖడ్గం సంగతి తోక మీద ఆధారపడి ఉంటుంది. తోక మీద కమ్మరి చెక్కిన సంతకం పక్కన షోవా ముద్ర గాని, సెకీ ముద్ర గాని (ఇవి యుద్ధకాలపు తనిఖీ ముద్రలు) ఉంటే సాధారణంగా అది సంప్రదాయేతరమైనది. సైన్యం ఆమోదించిన కమ్మరుల నక్షత్ర ముద్ర ఉంటే సంప్రదాయమైనదని ఆశ పెట్టుకోవచ్చు. వేలంపాట పాడడానికి ముందే తోక రెండు వైపుల ఫొటోలు తెప్పించుకుని ఇక్కడ ఉంచితే, సంతకం చదవగలవారు చదివి చెబుతారు.