తక్కువ మార్కులకు నవోదయ సీటు: అన్యాయం ఎవరికి?

చర్చాంశం: కేంద్రం నడిపే వసతి బడులైన జవాహర్ నవోదయ విద్యాలయాల ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో ఎక్కువ మార్కులు పొందిన పట్టణ విద్యార్థిని కాదని, తక్కువ మార్కులు వచ్చిన గ్రామీణ విద్యార్థికి కోటా కింద సీటు ఇవ్వడం సమంజసమేనా?

వరంగల్ పాఠకుడు:
సమంజసం కాదని నా అభిప్రాయం. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. పరీక్ష అందరికీ ఒకటే. కానీ మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఒక్క రోజు పట్టణ బడిలో చదివినా ఆ విద్యార్థిని పట్టణ జాబితాలోనే చేరుస్తారు. పట్టణంలో ఆటో నడుపుకునే వ్యక్తి కూతురు మంచి మార్కులు తెచ్చుకుని కూడా బయటే మిగిలిపోతుంటే, పల్లెలో పదెకరాల ఆసామి కొడుకు అంతకంటే తక్కువ మార్కులతో చేరుతున్నాడు. ఈ పరీక్షను రెండోసారి రాసే వీలు కూడా లేదు. పేదరికాన్ని పక్కనపెట్టి నివాసాన్ని చూడడం ఏమి న్యాయం?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
ఈ విద్యాలయాలు ఎవరి కోసం పుట్టాయో ముందు గుర్తుచేసుకోవాలి. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పి.వి. నరసింహారావు గారి హయాంలోనే మొదలైంది. ఆయన కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన 1986 జాతీయ విద్యా విధానం పల్లె పిల్లల్లో ప్రతిభావంతుల కోసమే ఇలాంటి వసతి బడులను నవోదయల పేరుతో విస్తరించింది. అందుకే జిల్లాలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణులకు కేటాయించారు. ఒక విద్యాలయంలో ఆరో తరగతిలో 80 మందిని చేర్చుకుంటే అందులో 60 మంది పల్లెల నుంచి రావాలి.

ఇక మార్కుల మాట. వంద మార్కుల్లో 50 మెంటల్ ఎబిలిటీకే పోతాయి. వరుసలో తర్వాతి బొమ్మ ఏది, అద్దంలో ఏది ఎలా కనిపిస్తుంది వంటి ప్రశ్నలు మా ప్రాథమిక పాఠశాలల ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు. ఏడాదిపాటు కోచింగులో అవే బొమ్మలను దిద్దిన పిల్లవాడికి, పరీక్ష హాలులో వాటిని మొదటిసారి చూసిన పిల్లవాడికి మధ్య పది మార్కుల తేడా వస్తే, ఆ పదింటిలో తెలివి ఎంత, సాధన ఎంత? తక్కువ మార్కులను తక్కువ ప్రతిభగా చదవడంలోనే పొరపాటు ఉంది.

ఖమ్మం నుంచి ఒక తల్లి:
మాస్టారు గారు చెప్పిన సిద్ధాంతం బాగుంది, కానీ ఆచరణ వేరుగా ఉంది. పేరు ఊరి బడి రిజిస్టరులో ఉంటుంది, పిల్లవాడు మాత్రం పట్టణంలోని కోచింగ్ హాస్టల్లో ఉంటాడు. హాజరు పట్టీలో ప్రతిరోజూ వచ్చినట్లే ఉంటుంది, స్టడీ సర్టిఫికెటు కూడా సిద్ధం. ఇటువంటివారే గ్రామీణ కోటాలో పై మార్కులు తెచ్చుకుంటే, నిజంగా ఊళ్లో చదువుకున్న పిల్లవాడు తన సొంత కోటాలోనే ఓడిపోతున్నాడు. తక్కువ మార్కులవారికి సీట్లు వెళ్లిపోతున్నాయని ఇక్కడ వాదిస్తున్నాం గానీ, ఆ కోటా ఎవరి కోసం పెట్టారో వారికే సీటు అందడం లేదన్నది నా ఫిర్యాదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
అమ్మా, దీన్ని కాదనలేను. ఆ సర్టిఫికెట్ల మీద సంతకం చేసేది మా వృత్తిలోనివారే. దరఖాస్తు సమయంలో కాకుండా, ఐదో తరగతి నడుస్తున్నప్పుడే మండల విద్యాధికారి ముందస్తు సమాచారం లేకుండా వెళ్లి, దరఖాస్తు చేసిన పిల్లలు తరగతిలో కూర్చున్నారో లేదో చూస్తే సగం కథ అక్కడే తేలుతుంది.

వరంగల్ పాఠకుడు:
తనిఖీని నేనూ సమర్థిస్తాను. అయినా ఆటో నడిపే వ్యక్తి కూతురి సంగతి తేలలేదు. మిగిలిన 25 శాతం సీట్లకు కోచింగు తీసుకున్న సంపన్న పిల్లలు, పల్లెవారు అందరూ పోటీపడతారు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
ఆ భాగంలో కుటుంబ ఆదాయానికి కొంత ప్రాధాన్యం ఇవ్వాలంటే నేను ఒప్పుకుంటాను. గ్రామీణుల 75 శాతాన్ని తగ్గించి దానిని సర్దాలంటే మాత్రం ఒప్పుకోను. 2024 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన 28 కొత్త నవోదయల్లో 7 తెలంగాణకు వచ్చాయి. సీట్లు పెరగాలని అడిగే దారి అది.