కొత్తగా తీసుకున్న 24-70లో కుడి అంచు సాఫ్ట్‌గా వస్తోంది, తేడా లెన్స్‌లోనా నా టెస్ట్‌లోనా?

వెలుగునీడ:
అందరికీ నమస్తే. ఎనిమిదేళ్లు క్రాప్ (చిన్న సెన్సర్) డీఎస్ఎల్ఆర్ వాడి ఈమధ్యే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్‌కి మారాను, 45 మెగాపిక్సెల్ బాడీ, దానికి ఒక 24-70 ఎఫ్/2.8 జూమ్ లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. నచ్చకపోతే వారంలోపు వెనక్కి ఇచ్చేయొచ్చు అన్నారు, అందులో రెండ్రోజులు అయిపోయాయి.

వచ్చిన రోజే ఇటుక గోడ తీసి చూశా. 24 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/2.8లో, అంటే ద్వారం పూర్తిగా తెరిచి తీస్తే, మధ్యలో ఇటుక గరుకు కూడా తెలుస్తోంది, కుడి చివరికి వెళ్లేసరికి మాత్రం సిమెంటు గీతలు ఇటుకల్లోకి కారిపోయినట్టు ఉన్నాయి. ఎడమవైపు అంత లేదు. 70కి వెళ్తే మళ్లీ ఎడమవైపు సాఫ్ట్! పాత కెమెరాలో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. రివ్యూల్లో ఈ లెన్స్ కార్నర్లు బ్రహ్మాండం అని రాశారు, కంపెనీ ఇచ్చిన ఎంటీఎఫ్ చార్ట్‌లో (మధ్య నుంచి మూల దాకా లెన్స్ ఎంత స్పష్టంగా ఉంటుందో చూపే గ్రాఫ్) కూడా గీతలు బాగా పైనే ఉన్నాయి. నేను తీసేవి ఎక్కువ గ్రూప్ ఫొటోలు, ల్యాండ్‌స్కేప్‌లు, కాబట్టి అంచులు నాకు చాలా ముఖ్యం. 45 మెగాపిక్సెల్ వల్ల ఇలా బయటపడుతోందా, నాకు వచ్చిన పీసే తేడానా? ఎలా తేల్చుకోవాలో కాస్త వివరంగా చెప్పండి.

కొండగాలి:
కంగారు పడకండి, ఐదు రోజులు చాలు. ముందు మెగాపిక్సెల్ సంగతి. మీ పాత క్రాప్ బాడీ 24 మెగాపిక్సెల్ అయితే దాని పిక్సెల్ సుమారు 3.9 మైక్రాన్లు, ఇప్పటి 45 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో 4.35 దాకా ఉంటుంది, అంటే కొత్తదాని పిక్సెలే పెద్దది, లోపాలు పిక్సెల్ వల్ల బయటపడటం లేదు. అసలు తేడా ఎక్కడంటే, క్రాప్ సెన్సర్ మూల మధ్య నుంచి 14 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, ఫుల్ ఫ్రేమ్ మూల 21.6 దాకా పోతుంది. ఆ చివరి ఏడున్నర మిల్లీమీటర్లు మీరు ఇన్నాళ్లూ చూడనేలేదు, ఏ లెన్స్‌కైనా కష్టమైన చోటు అదే.

ఇక గోడ. గోడ టెస్ట్‌లో ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే, కెమెరా గోడకి సమాంతరంగా ఉందని కంటితో అనుకుంటాం కానీ రెండు మూడు డిగ్రీలు ఎటో ఒకవైపు తిరిగే ఉంటుంది. 24లో డెప్త్ (ఫోకస్‌కి ముందూ వెనకా షార్ప్‌గా కనబడే మేర) ఎక్కువ కాబట్టి కొంత కప్పుకుపోతుంది, 70లో మాత్రం దగ్గర్నుంచి తీస్తే గట్టిగా కనబడుతుంది. అందుకే మీ 70 ఎడమ సాఫ్ట్‌ని నేను ఇప్పుడే నమ్మను, 24 కుడి సాఫ్ట్ మీద మాత్రం నాకు అనుమానం ఉంది.

సరిచేయడం తేలికే. చిన్న అద్దం ముక్క గోడకి ఫ్లాట్‌గా అతికించండి, వ్యూఫైండర్‌లో చూస్తూ ఆ అద్దంలో మీ లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేమ్ మధ్యకి వచ్చేదాకా ట్రైపాడ్ తిప్పండి, అప్పుడు సెన్సర్ గోడకి సమాంతరం అయినట్టు. స్టెబిలైజేషన్ ఆఫ్, బేస్ ఐఎస్ఓ, టైమర్, రా ఫైల్. ప్రతి ఎపర్చర్‌కి మళ్లీ మళ్లీ ఫోకస్ చేసి మూడేసి ఫ్రేమ్‌లు తీయండి, ఒక్క ఫ్రేమ్ చూసి తీర్పు ఇచ్చేస్తే అది లెన్స్ టెస్ట్ కాదు, ఆటోఫోకస్ టెస్ట్ అవుతుంది.

ఆ తర్వాత కెమెరాని తలకిందులుగా బిగించి అదే గోడ మళ్లీ తీయండి. మొదట సాఫ్ట్‌గా వచ్చిన ఇటుకలే ఇప్పుడూ సాఫ్ట్‌గా వస్తే తప్పు సెటప్‌ది. ఇటుకలు మారిపోయి ఫ్రేమ్‌లో కుడివైపే సాఫ్ట్‌గా ఉంటే తప్పు లెన్స్‌ది లేదా బాడీది.

గోడ మీద అసలు నమ్మకం లేకపోతే ఇంకో పద్ధతి, నేనైతే ఇదే వాడతా. దూరంగా ఒక చెట్టు బెరడు ఎంచుకుని దాన్ని ఒక్కో మూలలో పెట్టి, ఆ మూలలోనే ఫోకస్ పాయింట్ పెట్టి తీయాలి. నాలుగు మూలలూ ఒకేలా ఉంటే సెంటరింగ్ (లోపలి గాజులన్నీ ఒకే వరసలో కూర్చోవడం) బాగున్నట్టే, నాలుగూ ఒకేలా కొంచెం సాఫ్ట్ అయితే అది ఆ డిజైన్ స్వభావం, ఒక్క మూల మాత్రమే చెడితే అది మీ పీస్ లోపం. మూలలోనే ఫోకస్ చేస్తున్నాం కాబట్టి ఫీల్డ్ కర్వేచర్ (ఫోకస్ చదునుగా కాక వంపుగా పడటం) గొడవ కూడా ఇందులో ఉండదు.

రా_ఫైల్:
ఎంటీఎఫ్ చార్ట్ సంగతి నేను చెప్తా. అడ్డంగా ఉండేది మధ్య నుంచి దూరం, చివర 21.6 అంటే మూల. పై గీత మిల్లీమీటరుకి 10 లైన్లది, కాంట్రాస్ట్ చెప్తుంది, కింది గీత 30 లైన్లది, సన్న వివరాలు. మీలాంటి వాళ్లు క్రాప్ నుంచి వచ్చాక 14 నుంచి 21.6 మధ్య 30 లైన్ల గీత ఎంత దిగుతుందో, తెగని గీతకీ చుక్కల గీతకీ మధ్య ఎంత ఎడం వస్తుందో చూడాలి, ఎడం ఎక్కువైతే మూలల్లో చిన్న చిన్న లైట్లు ఒక దిక్కుకి సాగినట్టు కనబడతాయి.

కానీ చాలా కంపెనీలు ఇచ్చే చార్టులు డిజైన్ నుంచి లెక్కకట్టినవి, మీ చేతిలో ఉన్న లెన్స్‌ని కొలిచినవి కావు. లెన్స్‌లు అద్దెకిచ్చే లెన్స్‌రెంటల్స్‌లో రోజర్ సికాలా ఒకే మోడల్‌వి చాలా పీసులు ఆప్టికల్ బెంచ్ మీద పెట్టి కొలిచి ప్రచురించేవారు, ఒకే లెన్స్ పీసు పీసుకీ ఎంత మారుతుందో అందులో స్పష్టంగా కనబడుతుంది, జూమ్‌ల్లో మరీ. రివ్యూలో ఉన్నది వాళ్లకి వచ్చిన పీస్, మీది కాదు.

ఇంకోటి, రా ఫైల్ తెరిచే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు లెన్స్ కరెక్షన్ తనంతట తనే వేసేస్తుంది. డిస్టార్షన్ (గీతలు వంగడం) సరిచేయాలంటే మూలల్ని లాగాలి, లాగితే వివరం పలచబడుతుంది. విగ్నెటింగ్ (మూలలు నల్లబడటం) సరిచేస్తే మూలల్లో నాయిస్ పెరుగుతుంది. రాథెరపీ లేదా డార్క్‌టేబుల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో అది ఆపేసి ఒకసారి చూడండి, ఆపాక కూడా కుడివైపే సాఫ్ట్ అంటే అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు.

పక్షిచూపు:
పై ఇద్దరితో సగం ఏకీభవిస్తా. సెంటరింగ్ చూడాల్సిందే, కానీ ఈ వారమంతా గోడ ముందే గడిపేస్తే మీరు రోజూ వాడేటప్పుడు ఏం జరుగుతుందో తెలియకుండానే గడువు అయిపోతుంది. సూర్యుణ్ని ఫ్రేమ్‌కి కాస్త బయట పెట్టి తీయండి, ఫొటో అంతా పాలు పోసినట్టు తెల్లబడితే ఆ లెన్స్‌తో సాయంత్రం ల్యాండ్‌స్కేప్‌లు తీయడం కష్టం. చీకటి పడ్డాక దూరపు లైట్లు ఫోకస్ తప్పించి తీసి ఆ గుండ్రాల లోపల చూడండి, ఉల్లిపాయ పొరల్లా చక్రాలు ఉంటే అవి ఆస్ఫెరికల్ గాజు తయారీలో మిగిలిన గుర్తులు. వీడియో తీస్తే ఫోకస్ మారేటప్పుడు ఫ్రేమ్ ఉబ్బుతోందో తగ్గుతోందో చూడాలి. నా ఇంకో లెన్స్‌తో మా అమ్మాయి పోర్ట్రెయిట్ ఒకటి ఎఫ్/1.4లో తీశా, కనురెప్ప వెంట్రుకల ముందంచు ఊదాగా, వెనకంచు ఆకుపచ్చగా మెరుస్తోంది, కళ్లు మాత్రం ఎంత షార్ప్‌గా ఉన్నాయో! ఆ రంగు గోడ టెస్ట్‌లో దొరకలేదు, లెన్స్ కొన్న ఆర్నెల్లకి తెలిసింది.

అలాగే 100 శాతంలో చూస్తున్నారని గుర్తుపెట్టుకోండి. మామూలు మానిటర్ మీద 45 మెగాపిక్సెల్ ఫొటో 100 శాతం అంటే రెండు మీటర్ల పైన వెడల్పున్న ప్రింట్ దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించి చూస్తున్నట్టు.

వెలుగునీడ:
అందరికీ చాలా థ్యాంక్స్, నిన్న సాయంత్రం అంతా ఇదే పని. అద్దం పెట్టి చూస్తే నా ట్రైపాడ్ నిజంగానే పక్కకి తిరిగి ఉంది, సరిచేశాక 70లో ఎడమ సాఫ్ట్ పూర్తిగా పోయింది. 24 మాత్రం అలాగే ఉంది. తలకిందులు చేసి తీశా, ఇటుకలు మారాయి, కుడి కిందిమూల మాత్రం మారలేదు. కరెక్షన్ ఆపినా అంతే. ఎఫ్/5.6లో కూడా తేడా తెలుస్తోంది, ఎఫ్/8కి వచ్చేసరికి దాదాపు సర్దుకుంటోంది. ఎఫ్/8లో బాగానే ఉంది కదా, ఉంచేసుకోనా? లెన్స్ రంగులు, ఫోకస్ స్పీడ్ నాకు చాలా నచ్చాయి, అందుకే మనసు ఒప్పడం లేదు.

కొండగాలి:
వెనక్కి ఇచ్చే ముందు ఒక్క పని చేయండి, అదే బాడీకి ఇంకో లెన్స్ పెట్టి అదే మూల చూడండి. అందులోనూ కుడి కిందిమూలే సాఫ్ట్ అయితే బాడీ మౌంటో సెన్సరో వంకరగా ఉన్నట్టు, లెన్స్ మార్చి లాభం లేదు. లెన్స్‌ని మౌంట్ దగ్గర పట్టుకుని మెల్లగా కదిపి కూడా చూడండి, ఏమైనా ఆడుతోందా అని.

బాడీ బాగుంటే మాత్రం ఉంచుకోవద్దండీ. గ్రూప్ ఫొటోల్లో చివర నిలబడ్డవాళ్లు పడేది ఆ కిందిమూలకి దగ్గర్లోనే, వెలుగు తక్కువున్న హాల్లో ఎఫ్/8 ఎక్కడ పెడతారు? ఎఫ్/2.8 జూమ్ కొన్నదే ఎఫ్/2.8లో వాడటానికి. అదే మోడల్ ఇంకో పీస్ తీసుకోండి, రంగులూ ఫోకస్ స్పీడూ ఎక్కడికీ పోవు.

వెలుగునీడ:
50 ఎఫ్/1.8 ఉంది, ఇప్పుడే పెట్టి చూశా, నాలుగు మూలలూ ఒకేలా ఉన్నాయి. మౌంట్ కూడా గట్టిగానే ఉంది. లెన్స్ వెనక్కి ఇచ్చేస్తున్నా, తలకిందుల ఫొటోలు రెండూ పంపితే అమ్మినాయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. వాళ్ల దగ్గర అదే మోడల్‌వి ఇంకో రెండు ఉన్నాయట, శనివారం బాడీ, ట్రైపాడ్, అద్దం పట్టుకుని వెళ్తున్నా, రెండూ 24 దగ్గర తీసి ఫైల్స్ ఇక్కడే పెడతా.