ర్యామ్ పెంచాక గేమ్ మధ్యలో పీసీ రీస్టార్ట్ అవుతోంది, ఏం చేయాలి?

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది హనుమకొండ. నాకూ తమ్ముడికీ కలిపి ఒకటే పీసీ: రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్స్ రెండు. ఇన్నాళ్లూ 3200 స్పీడులో ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఈమధ్య అదే స్పీడుది, వేరే కంపెనీది ఇంకో జత వేయించాం. అప్పటినుంచే తిప్పలు. సినిమాలు, బ్రౌజర్ బాగానే ఉంటాయి. గేమ్ పెడితే కాసేపటికి నీలం తెర, 'మెమరీ మేనేజ్‌మెంట్' అని ఎర్రర్. ఒక్కోసారి అదీ లేకుండా నేరుగా రీస్టార్ట్.

ఏ జత విడిగా పెట్టినా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాం) పాసవుతోంది. నాలుగూ పెట్టి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేస్తేనే ఎర్రర్లు. ఆఫ్ చేస్తే నిలకడగా ఉంది, కానీ గేమ్ స్పీడు తగ్గింది. అందుకే స్టిక్స్ చెడిపోలేదనే నా నమ్మకం. ఈ ప్రాసెసర్‌కి నాలుగు స్టిక్స్ పెడితే అధికారికంగా 2933 వరకే, అదీ సింగిల్ ర్యాంక్ (మెమరీ చిప్‌లు ఒకే సెట్‌గా ఉండే స్టిక్స్) అయితే.

మరి 1.35 వోల్టుల దగ్గరే ఉంచి 2933కి దించితే సరిపోతుందా? బయాస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తప్పదా? యూపీఎస్ లేదు, మధ్యలో కరెంటు పోతే బోర్డు పోతుందని టెన్షన్. లేదంటే నాలుగూ ఇచ్చేసి 16 జీబీ స్టిక్స్ జత తీసుకోవడమే మేలా? పాత ర్యామ్ తీసుకునే షాపు వరంగల్‌లో ఉంటే చెప్పండి, లేకపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ దాకా పోవాలి.