34వ పిక్‌కి డవాంటే ఆడమ్స్‌ను తీసుకోవచ్చా? రామ్స్‌లో అతని విలువ ఎంత? (2025 NFL సీజన్‌కి ముందు చర్చ)

పదో పిక్:
వచ్చే ఆదివారం మా ఫాంటసీ లీగ్ డ్రాఫ్ట్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాం, వాళ్లు నిజం మ్యాచ్‌ల్లో ఆడినదాన్ని బట్టి మనకు పాయింట్లు). 12 టీమ్‌లు, స్నేక్ పద్ధతి, అంటే ప్రతి రౌండ్‌కీ వరస తిరగబడుతుంది. నాకు 10వ నంబర్ పడింది, అంటే మూడో రౌండ్‌లో 34వ పిక్, మళ్లీ 39. మొదటి రెండు రౌండ్ల గురించి టెన్షన్ లేదు, ఒక రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు), ఒక రిసీవర్ (విసిరిన బంతి పట్టుకునేవాడు) ఎలాగూ దొరుకుతారు. 34 దగ్గరే ఎటూ తేల్చుకోలేకపోతున్నా. నేను చేసిన మాక్ (ప్రాక్టీస్) డ్రాఫ్టులు అన్నిట్లో అక్కడికి వచ్చేసరికి రిసీవర్ డవాంటే ఆడమ్స్ మిగిలి ఉంటున్నాడు. మార్చిలో జెట్స్ టీమ్ వదిలేస్తే లాస్ ఏంజలెస్ టీమ్ రామ్స్ రెండేళ్లకి 44 మిలియన్ డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నారు, తమ పాత రిసీవర్ కూపర్ కప్‌ను పంపించేశారు, అతను సియాటిల్‌లో చేరాడు. ఆడమ్స్‌కి ఈ డిసెంబర్‌లో 33 నిండుతాయి. గత సీజన్‌లో రెయిడర్స్, జెట్స్ రెండు చోట్లా కలిపి 14 మ్యాచ్‌లు, 85 క్యాచ్‌లు, 1063 యార్డులు, 8 టచ్‌డౌన్లు (బంతిని గోల్ లైన్ దాటించిన స్కోర్లు). నేను పేరు చూసి మోజు పడుతున్నానా, నిజంగా అంత ఆట మిగిలి ఉందా అన్నది అర్థం కావడం లేదు. మూడేళ్ల నుంచి ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. ఈసారి తప్పు చేయకూడదని ఉంది.

గోదారి గట్టు:
వద్దు తమ్ముడూ. ఈ కథ ఇదే టీమ్‌లో, ఇదే కోచ్ మెక్‌వే, ఇదే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) స్టాఫర్డ్‌తో ఒకసారి చూశాం. 2022లో రిసీవర్ ఆలెన్ రాబిన్సన్‌కి మూడేళ్లకి 46.5 మిలియన్లు ఇచ్చారు. పాపం ఇన్నాళ్లూ మంచి క్వార్టర్‌బ్యాక్ లేక అలా ఉన్నాడు, స్టాఫర్డ్ విసిరితే చూడండి అని ఆగస్టు అంతా ఒకటే ఊదరగొట్టారు. నేనూ నమ్మాను, నాలుగో రౌండ్‌లో తీసుకున్నాను. 10 మ్యాచ్‌లు, 33 క్యాచ్‌లు, 339 యార్డులు, 3 టచ్‌డౌన్లు. అప్పటికి అతనికి 29 ఏళ్లే. ఆడమ్స్ అతనికంటే మూడేళ్లు పెద్దవాడుగా వస్తున్నాడు. ఇంకోటి కావాలంటే కీనన్ ఆలెన్ ఉన్నాడు. 2023లో ఛార్జర్స్‌కి 13 మ్యాచ్‌ల్లోనే 108 క్యాచ్‌లు, 1243 యార్డులు. మరుసటి ఏడు చికాగో వెళ్లాడు, 32 ఏళ్లు, 744 యార్డులకి పడిపోయాడు. కొత్త టీమ్, 30 దాటిన రిసీవర్, ఈ రెండూ కలిసిన చోట మూడో రౌండ్ పిక్ పెట్టకూడదు.

చికాగో చిన్నోడు:
కీనన్ ఆలెన్‌ని అనవద్దు, ఆ సీజన్‌లో మా టీమ్ మొత్తం అలాగే ఆడింది.

రెడ్ జోన్ రాజు:
గట్టు గారూ, రాబిన్సన్ పోలిక అస్సలు కుదరదు. రామ్స్‌కి రాకముందు సీజన్‌లో, అంటే 2021లో, అతను చికాగోలో చేసింది 38 క్యాచ్‌లు, 410 యార్డులు, ఒకే ఒక్క టచ్‌డౌన్. అతను లాస్ ఏంజలెస్ వచ్చి పడిపోలేదు, పడిపోయాకే వచ్చాడు. ఆడమ్స్ వరసగా ఐదు సీజన్లు వెయ్యి యార్డులు దాటాడు: 1374, 1553, 1516, 1144, 1063. చివరిది సీజన్ మధ్యలో టీమ్ మారి, 14 మ్యాచ్‌ల్లోనే కొట్టాడు. జెట్స్‌లో పక్కనే గ్యారెట్ విల్సన్ 101 క్యాచ్‌లు పట్టుకున్న సీజన్ అది, అయినా ఈయన అక్కడ 11 మ్యాచ్‌ల్లో 854 యార్డులు, 7 టచ్‌డౌన్లు చేశాడు. ఇద్దరు పెద్ద రిసీవర్లు ఉంటే పని చేయడు అనే మాట అక్కడే తేలిపోయింది.

అసలు విషయం ఇది కూడా కాదు. గత సీజన్ స్టాఫర్డ్ విసిరిన టచ్‌డౌన్లు 20. అందులో డిమార్కస్ రాబిన్సన్‌వి 7, కప్‌వి 6. ఇద్దరూ వెళ్లిపోయారు. 20లో 13 ఖాళీ! రామ్స్‌లో ఇంకో రిసీవర్ నకువా ఎంత గొప్పవాడైనా పోయిన సీజన్ అతనివి 3 మాత్రమే. గోల్ లైన్ దగ్గర మూడు గజాల జాగాలో తనని కాపలా కాసే కార్నర్‌ని రెండు అడుగుల్లో పక్కకి తోసేసే మనిషి ఈ లీగ్ మొత్తంలో ఆడమ్స్ తర్వాతే ఎవరైనా. కెరీర్‌లో 103 టచ్‌డౌన్ క్యాచ్‌లు ఉన్నాయి. ఆ 13 ఎవరికి వస్తాయనుకుంటున్నారు?

గోదారి గట్టు:
డిమార్కస్ రాబిన్సన్ గురించి నేను మాట్లాడలేదు. నేను అన్నది ఆలెన్ రాబిన్సన్.

రెడ్ జోన్ రాజు:
నాకు తెలుసండీ. ఇద్దరి గురించీ విడివిడిగానే రాశాను. పూర్తిగా చదవండి.

గోదారి గట్టు:
చదివాను. 20 టచ్‌డౌన్లు అన్నావు కదా, నేను చెప్పేదీ అదే. 2021లో 41 విసిరిన స్టాఫర్డ్ ఇప్పుడు 16 మ్యాచ్‌లు ఆడి 20 దగ్గర ఆగాడు. ఎందుకు? గోల్ లైన్ దగ్గరికి వెళ్లగానే బంతి రన్నింగ్ బ్యాక్ కైరన్ విలియమ్స్ చేతిలో పెడుతున్నారు. పరుగెత్తి 14 కొట్టాడు. మెక్‌వే ఆ అలవాటు ఆడమ్స్ కోసం మానుకుంటాడని ఎవరు చెప్పారు? ఇక క్యాచ్‌ల సంగతి చూడు. నకువా గత సీజన్ 11 మ్యాచ్‌ల్లో 79 పట్టుకున్నాడు. అతను 17 మ్యాచ్‌లూ ఆడితే బంతులు అటే వెళ్తాయి. ఆడమ్స్‌కి 70 క్యాచ్‌లు వస్తే గొప్ప. 85 నుంచి 70కి దిగే మనిషిని 34వ పిక్‌కి ఎందుకు కొనాలి?

రెడ్ జోన్ రాజు:
70 క్యాచ్‌లు అంటే నేనూ ఒప్పుకుంటా. 900 యార్డులు, 11 టచ్‌డౌన్లు. అది 34వ పిక్‌కి చాలదా? గోల్ లైన్ దగ్గర కైరన్‌కి ఇచ్చారంటే విసరడానికి మనిషి లేక ఇచ్చారు. కప్ 12 మ్యాచ్‌లు, నకువా 11 మ్యాచ్‌లు ఆడిన సీజన్ అది. అందుకే కదా 44 మిలియన్లు పెట్టి మనిషిని తెచ్చుకున్నది.

ఎడిసన్ అల్లుడు:
స్టాఫర్డ్ వెన్ను గురించి ఒక్కరూ మాట్లాడరేం? 37 ఏళ్లు. క్యాంప్ మొదట్లో ప్రాక్టీసుకే రాలేదు. అతను పడుకుంటే విసిరేది బదులు క్వార్టర్‌బ్యాక్ గరోపోలో. నకువాని తీసుకున్నా ఆడమ్స్‌ని తీసుకున్నా మీరు కొనేది ఆ వెన్నునే.

నైట్ షిఫ్ట్:
ఒక్క ప్రశ్న. పదో పిక్ గారూ, మీ లీగ్‌లో క్యాచ్‌కి ఎన్ని పాయింట్లు? పూర్తి పాయింటా, అరనా, అసలు లేదా? ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

పదో పిక్:
అర పాయింట్ అండీ. పోయిన ఏడు వరకు పూర్తి పాయింట్ ఉండేది, ఈసారే మార్చారు.

నైట్ షిఫ్ట్:
మరి అదే గొడవ. గట్టు గారు క్యాచ్‌కి ఒక పాయింట్ ఉన్నట్టు మాట్లాడుతున్నారు, రాజు గారు క్యాచ్‌కి ఏమీ లేనట్టు మాట్లాడుతున్నారు. 10 యార్డులకి ఒక పాయింట్, టచ్‌డౌన్‌కి 6 అనుకుని లెక్క వేశాను. గత సీజన్ ఆడమ్స్: పూర్తి పాయింట్ లీగ్‌లో 239.3, అర పాయింట్ లీగ్‌లో 196.8, క్యాచ్‌కి పాయింట్ లేకపోతే 154.3. ఇప్పుడు మీ ఇద్దరికీ సరే అనిపించిన ఆ 70 క్యాచ్‌లు, రాజు గారి 900 యార్డులు, 11 టచ్‌డౌన్లు పెడితే వరసగా 226, 191, 156. అంటే ఒక లీగ్‌లో అతను 13 పాయింట్లు దిగజారినట్టు, ఇంకో లీగ్‌లో కాస్త పెరిగినట్టు. అవే అంకెలు, అదే ఆట. అర పాయింట్ లీగ్‌లో దాదాపు ఎక్కడున్నవాడు అక్కడే ఉంటాడు.

నేను ఫీనిక్స్‌లో నర్సుని, మా ఆసుపత్రి లీగ్‌లో మొదటి ఏడాది ఈ సంగతి చూసుకోకుండా డ్రాఫ్ట్ చేసి సీజన్ అంతా ఎందుకు ఓడిపోతున్నానో తెలియక ఏడ్చినంత పని చేశాను. అందుకే అడిగాను.

రెడ్ జోన్ రాజు:
అర పాయింట్ అయితే ఇంకా మంచిది. తీసుకోండి.

గోదారి గట్టు:
అర పాయింట్ అయినా వయసు సగం అవదు కదా. మాది అర పాయింట్‌కి మారిందని నాకు తెలుసు, అయినా నా మాట మారదు.

చికాగో చిన్నోడు:
"మాది" అన్నారు. గట్టు గారూ, మొన్న రన్నింగ్ బ్యాక్‌ల చర్చలో మీకు 11వ నంబర్ పడిందని రాశారు. మీరూ పదో పిక్ గారూ ఒకే లీగా?

పదో పిక్:
అవును, ఒకటే లీగ్. అన్నయ్యే నన్ను చేర్పించారు.

రెడ్ జోన్ రాజు:
ఓహో. అయితే 34 తర్వాత 35వ పిక్ ఆయనది. ఇంతసేపూ ఆడమ్స్‌ని వదిలేయమని ఇంత పొడుగు పొడుగు పోస్టులు ఎందుకు రాశారో ఇప్పుడు తెలిసింది. ఇది మొదటి లైన్‌లో చెప్పాల్సిన విషయం కదండీ. నేను ఇక్కడ కూర్చుని అంకెలు తవ్వుతున్నాను, మీరు మీ పిక్ కాపాడుకుంటున్నారు.

గోదారి గట్టు:
మాట జాగ్రత్త. ఆరేళ్లుగా ఇక్కడ రాస్తున్నా, ఒక్కరికి కూడా నా లాభం కోసం సలహా ఇవ్వలేదు. ఈ కుర్రాడు కొత్తగా వచ్చినప్పుడు వేవర్ (ఎవరూ తీసుకోని ఆటగాళ్ల లిస్టు) అంటే ఏంటో, బై వీక్ (మ్యాచ్ లేని వారం) అంటే ఏంటో ఫోన్‌లో గంటలు గంటలు చెప్పింది నేను. ఇక్కడే రాసిస్తున్నా, 35లో ఆడమ్స్ మిగిలి ఉన్నా నేను తీసుకోను. డ్రాఫ్ట్ అయ్యాక వచ్చి చూసుకోండి.

ఎందుకు తీసుకోనో కూడా చెప్తా. పోయిన సీజన్ నేను స్టెఫాన్ డిగ్స్‌ని తీసుకున్నా. బఫలో నుంచి హ్యూస్టన్ వచ్చాడు, కొత్త టీమ్, 30 దాటిన రిసీవర్. 8 మ్యాచ్‌ల్లో 47 క్యాచ్‌లు. నా టీమ్ 6-2తో లీగ్‌లో పైన ఉంది. కోల్ట్స్‌తో మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగింది, అంతే. అక్కడి నుంచి వేవర్‌లో ఏరుకున్న వాళ్లతో ఈడ్చుకుంటూ ప్లేఆఫ్స్ దాకా వెళ్లాను, 15వ వారం మొదటి మ్యాచ్‌లోనే బయటికి. ఆ ఆదివారం రాత్రి నాకు నిద్ర లేదు. ఆడమ్స్ కూడా పోయిన సీజన్ హామ్‌స్ట్రింగ్‌తో మూడు మ్యాచ్‌లు కూర్చున్నాడు. నా భయం సెప్టెంబర్ గురించి కాదు. సెప్టెంబర్‌లో అతను అందరికంటే బాగా ఆడినా ఆశ్చర్యపోను. మన ప్లేఆఫ్స్ జరిగే 15, 16, 17 వారాల్లో మైదానంలో ఉంటాడా అన్నదే నా ప్రశ్న. పెద్ద వయసు రిసీవర్ సరిగ్గా అప్పుడే చెయ్యిస్తాడు.

రెడ్ జోన్ రాజు:
లిగమెంట్ తెగడం ఏ వయసులోనైనా జరుగుతుంది. అది డిగ్స్ వయసు వల్ల కాదు. పోయిన సీజన్ 15వ వారమే తీసుకోండి, జాగ్వార్స్ మీద ఆడమ్స్ 9 క్యాచ్‌లు, 198 యార్డులు, 2 టచ్‌డౌన్లు. డిసెంబర్‌లో చెయ్యిచ్చేవాడి ఆట అది కాదు. 2022, 2023 రెండు సీజన్లూ 17కి 17 మ్యాచ్‌లు ఆడాడు. పిక్ కాపాడుకుంటున్నారన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. మీ ఇద్దరి పరిచయం నాకు తెలియదు.

పదో పిక్:
నేను రాజు గారి మాట విని బాధపడలేదు కానీ, అన్నయ్యా, మీకు ఒకటి చెప్పాలి. మీరు ఎప్పుడు మాట్లాడినా 15, 16, 17 వారాల గురించే మాట్లాడతారు. ప్రతి ఏడూ అక్కడికి వెళ్తారు కాబట్టి. నేను మూడేళ్లుగా వెళ్లలేదు. పోయిన ఏడు ఒక్క గెలుపు తేడాతో ఆగిపోయా. థాంక్స్‌గివింగ్ అయ్యాక అందరూ గ్రూపులో ప్లేఆఫ్స్ గురించి కొట్టుకుంటుంటే నాకు అందులో రాయడానికి ఏమీ ఉండదు, ఫోన్ పక్కన పడేసి కూర్చుంటా. మీరు ఆడమ్స్‌ని డిసెంబర్‌లో ఉంటాడా అని చూస్తున్నారు. నాకు డిసెంబర్ రావాలంటే ముందు సెప్టెంబర్, అక్టోబర్‌లో ఎనిమిది మ్యాచ్‌లు గెలవాలి. సెప్టెంబర్‌లో అందరికంటే బాగా ఆడినా ఆశ్చర్యపోను అని మీరే రాశారు. నాకు కావాల్సింది అదే.

నైట్ షిఫ్ట్:
ఇంతసేపూ ఇద్దరూ కొట్టుకున్నది ఆడమ్స్ గురించి కాదన్నమాట.

గోదారి గట్టు:
ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత రాసేవాడిని కాదురా. నువ్వు టైటిల్ కోసం అడుగుతున్నావనుకున్నా. సరే, ప్లేఆఫ్స్‌లోకి వెళ్లడం ఒక్కటే లెక్క అయితే 34కి తీసుకో. కానీ రెండు పనులు చెయ్యి. ఒకటి, ఎడిసన్ ఆయన చెప్పినట్టు డ్రాఫ్ట్ రోజు పొద్దున స్టాఫర్డ్ సంగతి చూసుకో. మళ్లీ వెన్ను అని వినపడితే మాత్రం ఆడమ్స్ జోలికి వెళ్లకు. రెండోది, 39లో 25 ఏళ్ల లోపు రిసీవర్‌ని ఒకడిని పక్కన పెట్టుకుని, మన లీగ్ ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గడువు దాటకముందే ఆడమ్స్‌ని ఎవరికైనా ఇచ్చేయ్. అప్పటికి టచ్‌డౌన్లు బాగా కొట్టి ఉంటాడు, మంచి బేరం వస్తుంది.

రెడ్ జోన్ రాజు:
ఇవ్వకండి! ఆ 13 టచ్‌డౌన్ల కోసమే కదా కొనేది. సగం చూసి అమ్మేస్తే ఎలా?

ఎడిసన్ అల్లుడు:
నాకు గరోపోలో భయం పోలేదు.

పదో పిక్:
34లో ఉంటే తీసుకుంటున్నా. 39కి రిసీవర్ల లిస్టు రాసుకుంటున్నా. ట్రేడ్ గడువు 11వ వారం అని ఉంది, అన్నయ్యా, అదేనా, మార్చారా?

గోదారి గట్టు:
అదే. మారలేదు. రాత్రి ఫోన్ చెయ్యి, 39 గురించి మాట్లాడదాం. నా పిక్ 38, నేను ఎవరిని తీసుకోబోతున్నానో ముందే చెప్పేస్తా.