మ్యూనిక్‌లో అద్దె ఇల్లు: ఇక్కడి నుంచే డబ్బు పంపొచ్చా?

అందరికీ నమస్కారం. మాది కూకట్‌పల్లి. వచ్చే నెల ఉద్యోగానికి మ్యూనిక్ వెళ్తున్నాను. ఇల్లు ఇక్కడి నుంచే ఖాయం చేసుకోవాలని ఉంది. ఒక ఓనరు తాను లండన్‌లో ఉన్నానని, రెండు నెలల డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తానని అంటున్నారు. పంపమంటారా?

---

వద్దు తమ్ముడూ, ఒక్క యూరో కూడా పంపకు. ఓనరు ఊళ్లో ఉండడు, తాళాలు కొరియర్‌లో వస్తాయి, డబ్బు మాత్రం ముందే కట్టాలి. ఈ మూడూ కలిస్తే అది మోసమే. ఇల్లు చూడకముందు పాస్‌పోర్ట్ కాపీ కూడా ఇవ్వకు, దాంతో ఇంకొకరిని మోసం చేస్తారు.

మొదటి రెండు మూడు నెలలకు సామానుతో ఉన్న టెంపరరీ ఫ్లాట్ తీసుకో. అద్దె ఎక్కువే, కానీ అక్కడ ఉంటూ అసలు ఇల్లు నీ కళ్లతో చూసుకోవచ్చు. బుక్ చేసేముందు మాత్రం "అన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా?" అని మెయిల్‌లో అడుగు. అంటే అక్కడి ఆఫీసులో చిరునామా నమోదు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేసుకోవాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం కావాలి. అది లేకపోతే ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి: నమోదు లేక ట్యాక్స్ నంబరు రాదు, నంబరు లేక కంపెనీ ఆరో ట్యాక్స్ క్లాసులో పన్ను కోయొచ్చు. అన్నిటికంటే ఎక్కువ కోత అదే. తర్వాత సరిచేస్తారు గానీ, డిపాజిట్ కట్టాల్సిన నెలలోనే చేతికి జీతం తక్కువ వస్తుంది. ఆ నంబరు వచ్చేది పోస్టులో, కాబట్టి ఇంటి పోస్టు డబ్బా మీద నీ పేరు అంటించు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది.

ప్రకటనలో కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె. వార్మ్‌మీటెలో హీటింగు, మెయింటెనెన్సు కలుస్తాయి, కరెంటు మాత్రం చాలాసార్లు విడిగా. మన టూ బీహెచ్‌కే కావాలంటే మూడు గదులని వెతకాలి, హాలునూ గదిగానే లెక్కేస్తారు. 60 చదరపు మీటర్లంటే దాదాపు 645 చదరపు అడుగులు. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె దాటకూడదు, మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చింది.

---

వంటగది సంగతి కూడా చూసుకోండి. చాలా ఇళ్లలో సింకు, పొయ్యి, అలమారలు ఏవీ ఉండవు, గోడలూ నీళ్ల కనెక్షనూ మాత్రమే. ప్రకటనలో "ఈబీకే" (EBK) అని ఉంటే వంటగది ఉన్నట్టు. పాత అద్దెదారు తన కిచెన్ కొనుక్కోమంటే బేరమాడండి.

ఒప్పందంలో "కుండిగుంగ్స్‌ఫెర్‌త్సిష్ట్" (Kündigungsverzicht) అన్న మాట వెతకండి. ఇన్నాళ్ల వరకు ఖాళీ చేయనని మీరు ఒప్పుకోవడమది, నాలుగేళ్ల దాకా పెట్టొచ్చు. ఉద్యోగం మారే అవకాశం ఉంటే తీసేయమనండి. అది లేకపోతే నోటీసు మూడు నెలలు. చేత్తో సంతకం చేసిన కాగితం నెలలో మూడో పనిదినంలోపు ఓనరుకు చేరాలి. మెయిల్ పెడితే చెల్లదు, ఒక్కరోజు ఆలస్యమైతే ఇంకో నెల అద్దె.

తాళాలు తీసుకునే రోజు మీటర్ల రీడింగులు, తాళాల సంఖ్య, గోడ మీద ప్రతి గీతా రాయించి ఫొటో తీయండి. చలికాలంలో అన్నం, పప్పు ఉడికిన ఆవిరి చల్లటి గోడకు పట్టి నల్లగా బూజు వస్తుంది, తప్పు మీదే అంటారు. కిటికీ పైభాగం కాస్త వాల్చి వదిలేస్తే చాలదు. రోజుకు రెండు మూడుసార్లు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచాలి.

---

చాలా థ్యాంక్స్ అండీ. ఆయనకు కుదరదని చెప్పేశాను. మొదట హోటల్లో దిగితే అన్‌మెల్డుంగ్ అవుతుందా?

---

హోటళ్లు మామూలుగా ఆ కాగితం ఇవ్వవు తమ్ముడూ. ముందు మీ కంపెనీ హెచ్ఆర్‌ను అడుగు, కొన్ని కంపెనీలు కొత్తవాళ్లకు ఫ్లాట్ చూపిస్తాయి. వాళ్లిచ్చినా సరే, ఆ కాగితం ఇస్తామని మెయిల్‌లో రాయించుకున్నాకే టికెట్ బుక్ చెయ్.