అబార్షన్‌కు భర్త సంతకం అడగొచ్చా? మీరేమంటారు?

హనుమకొండ సుజాత:
మా చెల్లెలికి ఇద్దరు పిల్లలు. చిన్నవాడు ఇంకా పాలు తాగుతున్నాడు. వాళ్ళాయన దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి వెళ్ళాక మళ్ళీ నెల తప్పింది. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని వద్దనుకున్నారు. ఎనిమిదో వారంలో నేనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చూసి సరేనంది. కౌంటర్ దగ్గర ఆగిపోయింది. "హస్బెండ్ సైన్ కావాలి" అన్నారు. ఆయన దేశంలో లేడమ్మా అంటే, "అయితే మామగారిని తీసుకురండి. లేదంటే ఆయన నంబరివ్వండి, మేమే మాట్లాడతాం" అన్నారు. మా చెల్లి ముఖం పాలిపోయింది. ఆ ఇంట్లో ఈ సంగతి తెలిస్తే ఏమవుతుందో దానికి తెలుసు. లేచి వచ్చేశాం. వేరే ఊళ్ళో చేయించాం.

1971 ఎంటీపీ చట్టం (అబార్షన్ చట్టం) ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషి అంగీకారం ఒక్కటే చాలు. ఇంట్లో ఈ మాట అంటే మగవాళ్ళంతా ఆసుపత్రి వాళ్ళు చేసిందే కరెక్టన్నారు. ఆడవాళ్ళలో ఒక్కరూ అలా అనలేదు, మా అత్తగారితో సహా. ఒకే ఇంట్లో ఇంత తేడా ఎందుకొచ్చింది?

కాకినాడ మూర్తి:
మేడమ్, మీ చెల్లెలి విషయంలో ఇబ్బంది పెట్టిన మాట నిజమే. కానీ ఒక్క కేసు పట్టుకుని భర్తకు సంబంధం లేదనడం అన్యాయం. బిడ్డ పుడితే పెంచడానికి తండ్రి కావాలి, స్కూలు ఫీజుకు తండ్రి జీతం కావాలి. పుట్టకముందు మాత్రం ఆయన ఎవరూ కాడా? సుప్రీంకోర్టే 2007లో సమర్ ఘోష్ కేసులో చెప్పింది: వైద్య కారణం లేకుండా, భర్తకు తెలియకుండా భార్య అబార్షన్ చేయించుకుంటే అది మానసిక క్రూరత్వం కిందకి రావచ్చని. తీర్పు చదివి మాట్లాడండి.

పల్నాడు కుర్రోడు:
మూర్తి గారితో నూటికి నూరు శాతం ఏకీభవిస్తున్నా.

బెజవాడ స్టాఫ్‌నర్స్:
గైనిక్ వార్డులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నా. ఎంటీపీకి ప్రభుత్వం ఇచ్చిన అంగీకార పత్రం ఫారం-సి. అందులో భర్త సంతకానికి గడే లేదు. మైనరుకూ, మానసిక వ్యాధి ఉన్నవాళ్ళకూ గార్డియన్ సంతకం పెట్టాలి, అంతే. భర్త సంతకం అడిగే కాగితాలన్నీ ఆసుపత్రులు సొంతంగా కొట్టించుకున్నవే. ఎందుకంటే భయం. రేపు వాళ్ళాయన పదిమందిని వేసుకొచ్చి "మాకు చెప్పకుండా ఎలా చేశారు" అంటూ అద్దాలు పగలగొడితే కౌంటర్ దగ్గర ఉండేది మేమే. ఆ భయం నాకు తెలుసు. అయినా ఆ బరువు పేషెంట్ మీద వేయడం తప్పు.

కాకినాడ మూర్తి:
అంటే భయానికి కారణం ఉందని మీరే ఒప్పుకుంటున్నారు. సమర్ ఘోష్ తీర్పుకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

హైకోర్టు బెంచీ:
నేను చెప్తాను, వృత్తి లాయరు. సమర్ ఘోష్ విడాకుల కేసు. ఏ పనులు క్రూరత్వం కావచ్చో కోర్టు కొన్ని ఉదాహరణలిచ్చింది. అదే వాక్యంలో, భార్యకు తెలియకుండా భర్త కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నా అంతేనని ఉంది. అందులో ఎక్కడా భర్త సంతకం లేనిదే అబార్షన్ చేయొద్దని లేదు. ఇంకో కేసులో ఒక భర్త, తన అనుమతి లేకుండా అబార్షన్ చేశారని భార్య మీదా డాక్టర్ల మీదా నష్టపరిహారం దావా వేశాడు. 2011లో పంజాబ్-హర్యానా హైకోర్టు కుదరదంది. 2017లో సుప్రీంకోర్టు కూడా అప్పీలు కొట్టేసింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ గారి బెంచి ఇంకా స్పష్టంగా చెప్పింది: కుటుంబం ఒప్పుకోవాలి, ఆ కాగితం తేవాలి, ఈ కాగితం తేవాలి అంటూ చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని. కొందరు ఆడవాళ్ళకు 24 వారాల వరకు అబార్షన్‌కు వీలిచ్చే నిబంధన కిందకి పెళ్ళికాని ఆడవాళ్ళను కూడా తెచ్చిన తీర్పు అదే.

కాకినాడ మూర్తి:
అయినా 2007 నాటి మాట కోర్టు వెనక్కి తీసుకోలేదు కదా. నా పాయింటు అదే.

డాలస్ రవి:
ఇక్కడి సంగతి ఒకటి. అబార్షన్‌కు ముందు భర్తకు తెలియజేయాలని పెన్సిల్వేనియా పెట్టిన నిబంధనను అమెరికా సుప్రీంకోర్టు 1992లో కేసీ కేసులో కొట్టేసింది. కొట్టే భర్తలున్న ఆడవాళ్ళ గతేమిటన్నది అప్పటి ప్రధాన ప్రశ్న. 2022లో అదే కోర్టు ఇచ్చిన డాబ్స్ తీర్పుతో అబార్షన్ హక్కుకు పునాదే పోయింది, టెక్సాస్‌లో ఇప్పుడు దాదాపు పూర్తి నిషేధం. ఇంకో విషయం, ఇక్కడి ప్యూ అనే సంస్థ చేసే సర్వేల్లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ అభిప్రాయాల్లో తేడా అంత పెద్దగా కనపడదు. పార్టీని బట్టి, మతాన్ని బట్టి వచ్చే తేడా దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఇది ఆడ-మగ గొడవ కాదనుకుంటా.

హనుమకొండ సుజాత:
రవి గారూ, అక్కడ అడిగేది అబార్షన్ ఉండాలా వద్దా అని. మా ఇంట్లో అది ఉండొద్దని మగవాళ్ళు కూడా అనలేదు. ఎవరిని అడిగి చేయించుకోవాలన్న దగ్గరే విడిపోయారు. మీ సర్వేల్లో ఆ ప్రశ్న అడిగితే లెక్కలు ఎలా ఉంటాయో చూడాలి.

అనంతపురం లక్ష్మి:
నాది వినండి. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోసారి. ఎవరికో డబ్బిచ్చి రాత్రిపూట స్కానింగ్ చేయించారు. ఆడో మగో చెప్పే స్కానింగ్ 1994 నాటి చట్టం ప్రకారం నేరమని అందరికీ తెలుసు, ఆ స్కానింగ్ చేసినతనికీ తెలుసు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో ఉన్నాను. అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం మా ఆయన చేతికిచ్చారు. ఆయన మూడు చోట్ల సంతకం పెట్టాడు. ఆ తర్వాత అది నా మంచం మీద పెట్టి, కింద వేలితో చూపించి, "ఇక్కడ నువ్వు కూడా పెట్టమ్మా" అన్నారు. అంతా ఇంగ్లీషు. నేను డిగ్రీ చదివాను, చదవగలను. చదివే టైము ఇవ్వలేదు. నీకిష్టమేనా అని ఆ గదిలో ఒక్కరు అడగలేదు. భర్త సంతకం బిడ్డను కాపాడుతుందని ఇక్కడ ఎవరైనా అనుకుంటుంటే, నా బిడ్డను తీసింది ఆ సంతకమే.

పల్నాడు కుర్రోడు:
అది మీ ఆయన తప్పండి, మగవాళ్ళందరూ అలా ఉండరు.

హైకోర్టు బెంచీ:
లక్ష్మి గారూ, ఆడమనిషి ఇష్టం లేకుండా గర్భస్రావం చేయించడం యావజ్జీవ శిక్ష దాకా పడే నేరం. పాత ఐపీసీలో 313, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ (భారతీయ న్యాయ సంహిత)లో 89. సుజాత గారికి కూడా ఒక మాట. ఎంటీపీ చట్టంలో 2021 సవరణతో 5-ఎ అనే సెక్షన్ వచ్చింది. అబార్షన్ చేయించుకున్న మహిళ పేరు, వివరాలు చట్టం అనుమతించినవాళ్ళకు తప్ప డాక్టరు ఎవరికీ చెప్పకూడదు. చెప్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మామగారికి ఫోన్ చేస్తామన్న ఆసుపత్రి ఆ సెక్షన్ ఒకసారి చదువుకోవాలి. భర్తకైనా అంతే, ఆమె వద్దంటే చెప్పకూడదు.

కాకినాడ మూర్తి:
భర్త కూడా బయటివాడేనా? తాళి కట్టినవాడికీ, దారిన పోయేవాడికీ చట్టంలో తేడా లేదా? ఇదేనా మీరంతా సమర్థించేది?

నాకు ఎలా తెలిసిందో చెప్తాను. నేను సముద్రంలో రిగ్గు మీద డ్యూటీలో ఉన్నాను. ఇంటికొచ్చాక బీరువాలో ఇన్సూరెన్సు కాగితాల కోసం వెతుకుతుంటే మందుల చీటీ దొరికింది. నా భార్య పేరు, తేదీ, తొమ్మిది వారాలు అని రాసి ఉంది. నా బిడ్డ. ఉందనీ తెలియదు, పోయిందనీ తెలియదు. ఎవరికి చెప్పుకోవాలి? మగవాడు ఈ మాట అంటే పెత్తనం చేస్తున్నాడంటారు. నేను సంతకం కోసం కొట్లాడటం లేదు. నాకు తెలియాలి, అంతే.

హనుమకొండ సుజాత:
మీ బాధ నాకు అర్థమవుతోంది మూర్తి గారూ. ఆవిడ ఎందుకు చెప్పలేదు?

కాకినాడ మూర్తి:
మా అమ్మ మాతోనే ఉంటుంది. నాకు ఫోన్లో చెప్తే అమ్మకు తెలుస్తుందని భయపడ్డానంటుంది. పెద్దదాని కాన్పులో తను చాలా ఇబ్బంది పడింది, మళ్ళీ తట్టుకోలేననుకుందట. ఇదంతా నాతో అని ఉండొచ్చు కదా.

బెజవాడ స్టాఫ్‌నర్స్:
ముందే చెప్పి ఉంటే మీరు ఒప్పుకునేవారా సర్?

కాకినాడ మూర్తి:
ఒప్పుకునేవాణ్ణి కాదు. బతిమాలేవాణ్ణి. ఒక్క రోజు ఆగమని అడిగేవాణ్ణి. ఆ మాత్రం అవకాశం భర్తకు ఉండకూడదా?

హనుమకొండ సుజాత:
నాకు భయమేసేది ఆ ఒక్క రోజే. ఆ రోజు మీరొక్కరే మాట్లాడరు. మీ అమ్మగారు మాట్లాడతారు, ఆడపడుచు ఫోన్ చేస్తుంది, పుట్టింటి నుంచి "అల్లుడి మాట కాదనకు" అంటారు. సాయంత్రానికి ఆమె ఒక్కతే అటువైపు మిగులుతుంది. ఇంకోటి చెప్పండి. పిల్లలు చాలనుకున్నాక ఆపరేషన్ ఎవరు చేయించుకుంటున్నారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) చూడండి. మీ ఆంధ్రలో పెళ్ళైన ఆడవాళ్ళలో పదిమందికి ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశం మొత్తం మీద మగవాళ్ళ ఆపరేషన్ 0.3 శాతం. కోత సులువు, మర్నాడే లేచి తిరగొచ్చు, అయినా ఇంతే. భారం పంచుకునే దగ్గర కనిపించని భర్త, సంతకం దగ్గర మాత్రం తప్పనిసరి కావడం నాకు ఒప్పదు.

పల్నాడు కుర్రోడు:
ఆపరేషన్ చేయించుకుంటే బరువు పనులు చేయలేమంటారు కదా.

బెజవాడ స్టాఫ్‌నర్స్:
అది అపోహ బాబూ. కొన్నాళ్ళు జాగ్రత్తగా ఉంటే చాలు. పొలం పనులు, లోడింగ్ పనులు చేసుకునేవాళ్ళు వచ్చి చేయించుకుని వెళ్తారు.

కాకినాడ మూర్తి:
లెక్కలు సరే. మా ఇల్లు మీరు చెప్పినట్టు ఉండదు మేడమ్. మా అమ్మ నిష్ఠూరమాడేది, నా భార్యను బలవంతపెట్టేది కాదు. భార్యాభర్తల మధ్య ఒక మాటకు చోటుండాలన్నదే నా వాదన, దాని మీద నేను వెనక్కి తగ్గను.

అనంతపురం లక్ష్మి:
మా ఇంట్లో కూడా నిష్ఠూరంతోనే మొదలైందండి. స్కానింగ్ దాకా వెళ్తుందని నేనూ అనుకోలేదు.

హైకోర్టు బెంచీ:
మూర్తి గారూ, ఆ చోటు ఇంట్లో ఉండాలనడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్ని ఆసుపత్రి కౌంటర్ దగ్గర అడగొద్దన్నదే చట్టం. సుజాత గారూ, జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. చెల్లెలి పేరు గోప్యంగా ఉంచమని అందులోనే రాయండి.

హనుమకొండ సుజాత:
రాస్తున్నాను సర్. చెల్లి మొదట వద్దంది, మరిది గారే దుబాయ్ నుంచి ఫోన్ చేసి ఇమ్మన్నారు. ఓపీ చీటీ, తేదీ, కౌంటర్ దగ్గర మామగారి నంబరు అడిగిన సంగతి అన్నీ పెడుతున్నాం. నర్సమ్మా, ఫారం-సి నమూనా కాపీ ఉంటే ఇక్కడ పెట్టండి, దాన్ని కూడా జత చేస్తాను.